ఎండలో ఆపి అరగంట ఆగితే కారు స్టార్ట్ కావట్లేదు, సెల్ఫ్ మాత్రం బాగానే తిరుగుతోంది (పెట్రోల్, 2014 మోడల్)

పేట_రోడ్డు
ఎండలు ముదిరినప్పటి నుంచీ ఈ గోల. పెట్రోల్ కారు, 2014 మోడల్, లక్ష కిలోమీటర్లు దాటింది. పొద్దున చల్లటి వేళ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. నరసరావుపేట నుంచి గుంటూరు దాకా ఏసీ వేసుకుని వెళ్లినా దారిలో ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడ ఎండలో ఆపి, పని చూసుకుని అరగంటకు వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. గంటో గంటన్నరో ఆగితే స్టార్ట్ అవుతుంది. మొదట కాసేపు అదురుతూ ఆడుతుంది, తర్వాత మామూలే.

మెకానిక్ ముందు బ్యాటరీ మార్పించాడు. తర్వాత ప్లగ్గులు. ఇప్పుడు పెట్రోల్ పంపు వేయాలంటున్నాడు. అది చాలా ఖర్చు. ఖర్చు సంగతి అలా ఉంచితే, అమ్మను చెకప్‌కు తీసుకెళ్లేది ఈ కారులోనే. ఆమెను హాస్పిటల్ ముందు మిట్టమధ్యాహ్నం నిలబెట్టాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. పంపు మార్పించే ముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.

సింగరేణి_స్టీరింగ్
క్రాంక్ సెన్సర్ అన్నా, ఇంజిన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కు చెప్పేది. ఇంకేం చూడక్కర్లేదు, మార్చేయండి. నా బండికి సరిగ్గా ఇదే వచ్చింది. రామగుండంలో మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయేది, సాయంత్రం చల్లబడితే స్టార్ట్ అయ్యేది. సెన్సర్ వేశాక మళ్లీ రాలేదు.

బానెట్_బాబాయ్
ఏమీ చూడకుండా మార్చబట్టే కదా ఆయనకు బ్యాటరీ, ప్లగ్గుల డబ్బులు పోయాయి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నప్పుడు బ్యాటరీ ఎందుకు మార్చారో నాకు అర్థం కాలేదు.

పేట_రోడ్డు గారూ, ముందు ఇవి చెప్పండి. ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, ఆపిన నిమిషంలోనే మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ అవుతుందా? స్టార్ట్ కానప్పుడు పెట్రోల్ వాసన వస్తోందా? తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు జుమ్మని పంపు శబ్దం వినిపిస్తోందా? మీటర్లో ఇంజిన్ బొమ్మ లైటు వెలిగి ఉంటోందా?

వీల్_క్యాప్
ఇదంతా ఈ20 పెట్రోల్ మహిమ. 20 శాతం ఇథనాల్ కలిపినప్పటి నుంచి పాత బండ్లన్నీ ఇలాగే ఏడిపిస్తున్నాయి. నాకు మైలేజీ కూడా పడిపోయింది. 2014 బండి ఈ20 కోసం తయారు చేసింది కాదు.

గోదారి_గట్టు
పాత రోజులు గుర్తొచ్చాయి. మా నాన్నగారు రాజమండ్రిలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. వేసవిలో డిక్కీలో నీళ్ల క్యానూ, ఒక పాత తువ్వాలూ తప్పకుండా ఉండేవి. బండి మొరాయిస్తే బానెట్ ఎత్తి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి, పైన నీళ్లు పోసి, టీ తాగి వచ్చేవారు. వచ్చేసరికి అందుకునేది. మీరూ ఒకసారి తడిగుడ్డ వేసి చూడకూడదా?

బానెట్_బాబాయ్
గోదారి_గట్టు గారూ, మీ నాన్నగారు చేసింది ఆ బండికి నూటికి నూరుపాళ్లు సరైన వైద్యం. అంబాసిడర్‌లో పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది, ట్యాంకు నుంచి పెట్రోల్‌ను లాక్కునేది. లాగే వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ వేడికి గొట్టంలోనే పెట్రోల్ ఆవిరై బుడగలు కట్టేది. బుడగను ఆ పంపు లాగలేదు. తడిగుడ్డతో ఆవిరి మళ్లీ పెట్రోల్ అయ్యేది.

ఇప్పటి బండ్లలో పంపు ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. అక్కడి నుంచి ఇంజిన్ వైపు తోస్తుంది, అదీ మూడు నాలుగు బార్ ఒత్తిడితో. అంత ఒత్తిడిలో పెట్రోల్ అంత సులువుగా మరగదు. తడిగుడ్డ వేయడానికి ఇంజిన్ దగ్గర పంపే లేదు.

దోహా_డ్రైవర్
ఖతార్‌లో ఉంటాను. జూలైలో 45 డిగ్రీలు దాటుతుంది. మాల్ బయట నీడ లేని చోట గంటలు గంటలు ఆపి వస్తాం, తాళం తిప్పగానే స్టార్ట్ అవుతాయి, పాత బండ్లు కూడా. కాబట్టి ఎండ తప్పేం లేదు. బండిలో ఎక్కడో చిన్న లోపం ఉంది, ఎండ దాన్ని బయటపెడుతోంది అంతే. ఆ లోపం దొరకాలి.

పేట_రోడ్డు
అందరికీ థాంక్స్. బానెట్_బాబాయ్ గారు అడిగినవి ఇవాళ చూశాను. ఆపిన వెంటనే తిప్పితే ఠక్కున స్టార్ట్ అవుతోంది. పది నిమిషాలకు కాస్త ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చింది. పాతిక నిమిషాలకు ఇక అందుకోలేదు. పంపు శబ్దం వినిపిస్తోంది. ఇంజిన్ లైటు లేదు. పెట్రోల్ వాసన మాత్రం గట్టిగానే వస్తోంది. అమ్మ ఎప్పటి నుంచో "పెట్రోల్ కంపు కొడుతోందిరా" అంటూనే ఉంది.

మైలేజీ నాకూ తగ్గింది. వీల్_క్యాప్ గారు చెప్పినట్టు ఈ20 వల్లేమో అనుకుని ఊరుకున్నాను.

ఆటో_ల్యాబ్
పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ల్యాబ్ చూస్తాను. మీరిచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది.

ఆపిన వెంటనే స్టార్ట్ అయి, పాతిక నిమిషాల తర్వాత కాకపోవడం చాలా ముఖ్యమైన గుర్తు. పొయ్యి కట్టేశాక కూడా మూత పెట్టిన అన్నం మగ్గుతూనే ఉంటుంది కదా, ఇంజిన్ కూడా అంతే. నడుస్తున్నంతసేపు నీళ్లు తిరుగుతుంటాయి, ముందు నుంచి గాలి తగులుతుంటుంది. ఆపగానే రెండూ ఆగుతాయి. ఇంజిన్ లోహంలో ఉన్న వేడంతా పైకి వచ్చి బానెట్ కింద నిలుస్తుంది. అందుకే ఆపిన పది నిమిషాల నుంచి అరగంట దాకా బానెట్ కింద వేడి బండి నడిచేటప్పటికంటే ఎక్కువ. మీ సమస్య సరిగ్గా ఆ సమయంలోనే వస్తోంది.

ఇక ఇంజిన్ అందుకోవాలంటే మూడు కావాలి. సరిపడా పెట్రోల్, సరైన సమయానికి నిప్పురవ్వ, ఇవి రెండూ ఎప్పుడు ఇవ్వాలో ఈసీఎంకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, చెప్పే సెన్సర్ సమాచారం. మీకు వాసన వస్తోంది కాబట్టి పెట్రోల్ అందక కాదు, ఎక్కువై ఆగుతోందని నా అనుమానం. అనుమానం మీద పార్టు కొనకూడదు కాబట్టి, ఈసారి ఆగినప్పుడు రెండు పనులు చేయండి, ఇదే వరుసలో.

మొదట, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. అలా కొన్నిసార్లు చేశాక స్టార్ట్ చేయండి. ప్రతిసారీ పంపు కాస్త పెట్రోల్ తోసి లైనులో ఒత్తిడి పెంచుతుంది. దీనితో స్టార్ట్ అయితే, ఆపినప్పుడు లైను ఖాళీ అవుతోందని అర్థం. పంపులో వెనక్కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వ్ ఉంటుంది, అది పోయి ఉంటుంది.

దానితో కాకపోతే, యాక్సిలరేటర్ పెడల్ అడుగుదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే ఈసీఎం పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను కట్టేస్తుంది, గాలి మాత్రమే లోపలికి వెళ్లి తడిసిన ప్లగ్గులు ఆరతాయి. దీనితో అందుకుంటే పెట్రోల్ ఎక్కువవుతోందన్నమాట. అందుకోగానే కాలు తీసేయండి, లేకపోతే ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది. సెల్ఫ్ పది సెకన్లకు మించి వరసగా కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి.

కర్నూల్_కొండారెడ్డి
మేడమ్ చెప్పిన పెడల్ కిటుకు పాత కార్బ్యురేటర్ బండ్లకు కూడా పనికొచ్చేది. మా చిన్నాన్న అలాగే తీసేవాడు. కొత్త బండ్లలో ఈసీఎంకు కూడా అది నేర్పారని ఇప్పుడే తెలిసింది.

సింగరేణి_స్టీరింగ్
మేడమ్, నేను చెప్పిన క్రాంక్ సెన్సర్‌ను కూడా వదలొద్దు. దాని లక్షణమూ ఇదే. వేడిలో ఆగుతుంది, చల్లబడితే అందుకుంటుంది.

ఆటో_ల్యాబ్
నిజమే, వదలక్కర్లేదు. చాలా బండ్లలో ఆ సెన్సర్ లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. వేడికి సాగి ఎక్కడో వెంట్రుకవాసి తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కానీ దానికి వేరే గుర్తులు కూడా ఉంటాయి. సెన్సర్ పోతే ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే ఈసీఎంకు తెలియదు. అప్పుడు ఇంజెక్టర్ తెరుచుకోదు, నిప్పురవ్వ రాదు. వాసన గట్టిగా రావడానికి పెట్రోలే పడదు కదా. పైగా అది నడుస్తున్న బండిని కూడా రోడ్డు మీద హఠాత్తుగా ఆపేస్తుంది. పేట_రోడ్డు గారికి అలా జరిగినట్టు లేదు.

తేల్చుకోవడం సులువు. బండి కంప్యూటర్ సమాచారం చదివే చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఫోన్‌లో ఆర్‌పీఎం చూడండి. 200కు అటూ ఇటూ చూపిస్తే సెన్సర్ మాట్లాడుతున్నట్టే. సున్నా దగ్గరే ఉంటే సింగరేణి_స్టీరింగ్ గారి మాట నిజం. పి0335 అనే లోపం కోడ్ కూడా పడొచ్చు, పడకపోవచ్చు. కోడ్ లేదంటే సెన్సర్ బాగున్నట్టు అనుకోవద్దు.

సింగరేణి_స్టీరింగ్
నాది నడుస్తుండగా కూడా ఆగిపోయేది, అవును. ఆ సంగతి మొదటి పోస్టులో రాయలేదు.

తెనాలి_టర్బో
మధ్యలో నా సమస్య. నాది వేడిలో సెల్ఫే తిరగదు. తాళం తిప్పితే లోపల టక్ మని ఒక్క శబ్దం, అంతే. హెడ్‌లైట్లు దేదీప్యమానంగా వెలుగుతుంటాయి. తోయిస్తే స్టార్ట్ అవుతుంది. దీనికీ ఇంజెక్టర్‌కీ సంబంధం ఉందా?

బానెట్_బాబాయ్
ఏమీ లేదు. మీది పూర్తిగా వేరే దారి. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. సెల్ఫ్ తిరగకపోవడం ఒక జబ్బు, తిరిగి అందుకోకపోవడం ఇంకో జబ్బు. రెండింటినీ "స్టార్ట్ కావట్లేదు" అనే ఒక్క మాటలో మెకానిక్‌కు చెబితే ఆయన ముందు బ్యాటరీ మార్పిస్తాడు.

మీకు మల్టీమీటర్ ఉందా? బాగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం. పడకపోతే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి, చూడండి. మీటరు ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందో, వదులైందో. అదీ బాగుంటే సెల్ఫ్ మోటారు మీద ఉండే కరెంటు స్విచ్చుకు, అంటే సోలెనాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడాలి. అక్కడ తాళం తిప్పినప్పుడు వోల్టేజీ సరిగా వస్తూ టక్ మని మాత్రమే అంటే లోపం సెల్ఫ్ మోటారులోనే. చాలాసార్లు సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగి ఉంటాయి.

వేడిలోనే ఎందుకంటే, రాగి వేడెక్కే కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 60 డిగ్రీలు పెరిగితే దాదాపు నాలుగో వంతు ఎక్కువ అడ్డు. అన్నీ బాగున్న బండి దాన్ని తట్టుకుంటుంది. ఎక్కడో ఇంకో బలహీనత కూడా ఉన్న బండి తట్టుకోలేదు.

తెనాలి_టర్బో
మీటరు మా తమ్ముడి దగ్గర ఉంది. చూసి చెబుతాను బాబాయ్.

వీల్_క్యాప్
ఇథనాల్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. మీరందరూ పార్టుల గురించే చెబుతున్నారు, ట్యాంకులో పోసేది ఏమిటో చూడట్లేదు.

దోహా_డ్రైవర్
మీ బాధ నిజమే. మైలేజీ తగ్గడం కూడా నిజమే. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి 20 శాతం కలిపితే కొంత తగ్గి తీరుతుంది. కానీ ఈయన బండి ఉదయం బాగుంది, దారిలో బాగుంది, ఆపిన వెంటనే బాగుంది. పాతిక నిమిషాలకే మొండికేస్తోంది. అదే పెట్రోల్ కదా అన్నిసార్లూ.

ఆటో_ల్యాబ్
వీల్_క్యాప్ గారి మాటలో నేను ఒప్పుకునేది ఒకటుంది. పాత బండ్ల రబ్బరు భాగాలు, అంటే ఓ-రింగులు, గొట్టాలు ఎక్కువ ఇథనాల్‌కు త్వరగా గట్టిపడటమో, ఉబ్బడమో జరగొచ్చు. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే అది ఇబ్బందే. అందుకని 2014 బండి ఉన్నవాళ్లు ఏడాదికోసారి గొట్టాలు, సీళ్లు చూపించుకోవడం మంచిది. ఈ కేసులో మాత్రం పెట్రోల్‌ను నిందించి కూర్చుంటే, కారిపోతున్నది ఎక్కడో వెతకడం ఆగిపోతుంది. పేట_రోడ్డు గారు కూడా మైలేజీ తగ్గడాన్ని అలాగే వదిలేశారు. అది కూడా ఒక గుర్తే కావొచ్చు.

పేట_రోడ్డు
ఇవాళ గుంటూరులో ఆగింది. అరండల్‌పేటలో ఎండలో నిలబడి మేడమ్ చెప్పింది చెప్పినట్టు చేశాను.

తాళం ఆన్ ఆఫ్ చేసి స్టార్ట్ చేస్తే కాలేదు. వాసన ఇంకా పెరిగింది. తర్వాత పెడల్ అడుగుదాకా తొక్కి సెల్ఫ్ కొట్టాను. ముందు రెండు మూడు సార్లు కొట్టుకుని, ఆ తర్వాత అందుకుంది! వెనక నుంచి నల్లటి పొగ దట్టంగా వచ్చింది, పక్కన బండి ఆపుకున్నాయన కంగారుపడ్డాడు. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. ఇక కనీసం అమ్మను తీసుకుని ఇంటికి రాగలను.

స్కానర్ కూడా మా బావ దగ్గర తెచ్చుకున్నాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం 230 దాకా చూపించింది.

సింగరేణి_స్టీరింగ్
అయితే క్రాంక్ సెన్సర్ కాదు. శుభం, ఆ డబ్బు మిగిలింది.

ఆటో_ల్యాబ్
చాలా బాగా చేశారు. ఇప్పుడు పంపు మార్చాల్సిన కారణం నాకు ఒక్కటీ కనిపించడం లేదు. పంపు శబ్దం ఉంది, ఒత్తిడి పెంచినా లాభం లేదు, గాలి ఎక్కువ ఇస్తే అందుకుంది. పెట్రోల్ ఎక్కువవుతోంది.

ఎక్కువ ఎలా అవుతుందంటే మూడు దారులు. మొదటిది నీళ్ల వేడిని చూసే సెన్సర్. అది ఇంజిన్ వేడిగా ఉన్నా చల్లగా ఉందని చెబితే ఈసీఎం చలికాలం పొద్దున పోసినట్టు పెట్రోల్ పోస్తుంది. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత చూపించింది? వేడి ఇంజిన్‌లో 85 నుంచి 100 మధ్య ఉండాలి. 30, 40 చూపించినా, మైనస్ 40 చూపించినా దొంగ దొరికినట్టే. విప్పి కొలవాలంటే, చాలా బండ్లలో ఆ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపిస్తుంది. వేడి పెరిగే కొద్దీ తగ్గాలి.

రెండోది పర్జ్ వాల్వ్. ట్యాంకులో పుట్టే ఆవిరిని కార్బన్ డబ్బాలో దాచి, బండి నడిచేటప్పుడు ఇంజిన్‌కు పంపేది ఇదే. ఇది తెరుచుకుని ఉండిపోతే ఆపినప్పుడు కూడా ఆవిరి మానిఫోల్డ్‌లోకి, అంటే ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోకి, చేరుతుంది. దీని గుర్తు ఏమిటంటే, బంకులో ట్యాంకు నింపించిన వెంటనే స్టార్ట్ కావడం మరీ కష్టమవుతుంది. కనెక్టర్ పీకి, నోటితో ఊదితే గాలి అవతలికి పోకూడదు.

మూడోది కారే ఇంజెక్టర్. బండి ఆపాక కూడా లైనులో మూడు బార్ ఒత్తిడి నిలిచి ఉండాలి. ఇంజెక్టర్ మూతి సరిగా మూసుకోకపోతే ఆ ఒత్తిడికి చుక్క చుక్కగా లోపలికి కారుతుంది. ఆపిన వెంటనే కారడానికి సమయం ఉండదు, అందుకే అప్పుడు స్టార్ట్ అవుతుంది. గంటన్నర ఆగితే కారిన పెట్రోల్ ఆవిరై పోతుంది, అప్పుడూ స్టార్ట్ అవుతుంది. మధ్యలోనే చిక్కు.

బానెట్_బాబాయ్
నా ఓటు మూడోదానికి. ప్లగ్గులు విప్పి చూడండి. ఒక్క సిలిండర్ ప్లగ్గే నల్లగా మసి పట్టి, మిగతావి గోధుమరంగులో ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. నాలుగూ నల్లగా ఉంటే సెన్సరో, పర్జ్ వాల్వో.

పేట_రోడ్డు
కూలెంట్ 94 చూపించింది. ఫోటో తీసి పెట్టుకున్నాను. ట్యాంకు నింపినా నింపకపోయినా తేడా లేదు. ప్లగ్గులు రేపు విప్పిస్తాను.

ఖమ్మం_డీజిల్
అందరూ పెట్రోల్ బండ్ల గురించే. నాది డీజిల్, కామన్ రైల్. వేడిలో చాలాసేపు సెల్ఫ్ తిప్పితే గానీ అందుకోదు. నల్ల పొగ లేదు, వాసన లేదు. పొద్దున మాత్రం వెంటనే అందుకుంటుంది. మాకు భద్రాచలం వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలుసు కదా.

పంపు_షాపు
డీజిల్ పంపులూ ఇంజెక్టర్లూ చేస్తుంటాం, ఏలూరులో. కామన్ రైల్ బండికి సెల్ఫ్ తిరిగేటప్పుడు రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, సుమారు 200 బార్ ఒత్తిడి అయినా చేరితేనే ఈసీఎం ఇంజెక్టర్లను తెరుస్తుంది. ఇంజెక్టర్ లోపల అరిగితే ఆ ఒత్తిడి ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ గొట్టంలోకి జారిపోతుంది. వేడెక్కితే డీజిల్ పల్చబడుతుంది, పల్చబడితే ఇంకా ఎక్కువ జారుతుంది. అందుకే మీకు పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడుతోంది.

రిటర్న్ పరీక్ష చేయించండి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజిన్ కాసేపు నడిపిస్తే, అరిగిన ఇంజెక్టర్ సీసా మిగతావాటి కంటే ముందే నిండుతుంది. ఇంతకు ముందు రోటరీ పంపు బండ్లకైతే పంపు మీద చల్లటి నీళ్లు పోసి చూసేవాళ్లం. నీళ్లు పోశాక స్టార్ట్ అయితే పంపు హెడ్ అరిగిందని తేలిపోయేది. మీ కామన్ రైల్ మీద మాత్రం నీళ్లు పోయొద్దు, వైరింగ్, సెన్సర్లు పాడవుతాయి. ఒత్తిడి ఉన్నప్పుడు రైలు గొట్టాలు అసలే విప్పొద్దు. ఆ డీజిల్ చర్మంలోకి దూసుకెళ్తుంది.

గోదారి_గట్టు
నీళ్లు పోయడం డీజిల్ వాళ్లకూ ఉందన్నమాట. నాన్నగారికి చెబుతాను, ఎంతో సంతోషిస్తారు.

తెనాలి_టర్బో
నాది తేలింది. బ్యాటరీ 12.5, సెల్ఫ్ కొట్టేటప్పుడు 11 దగ్గరే నిలబడింది, అంటే సెల్ఫ్‌కు కరెంటే సరిగా పోవట్లేదని తమ్ముడు అన్నాడు. మైనస్‌కూ ఇంజిన్‌కూ మధ్య 2 వోల్టుల పైన చూపించింది. ఎర్త్ పట్టీ బోల్టు కింద అంతా తుప్పు. ఎమెరీ పేపర్‌తో గీకి, కొత్త పట్టీ వేసి బిగించాం. ఇవాళ మధ్యాహ్నం ఆపి ఆపి స్టార్ట్ చేశాను. దర్జాగా తిరుగుతోంది. బాబాయ్‌కి తెనాలి వస్తే జున్ను నా ఖర్చు.

బానెట్_బాబాయ్
జున్ను గుర్తుపెట్టుకుంటాను. పట్టీ బిగించాక పైన కాస్త వ్యాజ్‌లైన్ రాయండి, మళ్లీ తుప్పు పట్టదు.

పేట_రోడ్డు
ప్లగ్గులు విప్పించాం. మూడో సిలిండర్‌ది బొగ్గులా ఉంది, తడిగా కూడా ఉంది. మిగతా మూడూ శుభ్రంగా ఉన్నాయి. ఈ మధ్యే వేసిన ప్లగ్గులివి. మా మెకానిక్ కూడా చూసి, పంపు వద్దులే అన్నాడు. ఇంజెక్టర్లను పరీక్షించే బెంచీ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లమన్నాడు. ఇంకేమైనా చూసుకోవాలా?

ఆటో_ల్యాబ్
షెడ్డులో ముందు లైనుకు ప్రెషర్ గేజ్ పెట్టించండి. ఇంజిన్ ఆపాక ముల్లు ఎంత తొందరగా పడుతుందో చూడాలి. బాగున్న బండిలో చాలాసేపు నిలబడుతుంది. తర్వాత రైలుతో (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టంతో) సహా ఇంజెక్టర్లను పైకి తీసి, సెల్ఫ్ కొట్టకుండా పంపు మాత్రం ఆన్ చేస్తే ఏ మూతి నుంచి చుక్క పడుతుందో కళ్లారా కనిపిస్తుంది. ఇది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకూడదు, చుట్టుపక్కల ఎవరూ సిగరెట్ కాల్చకూడదు, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి. ఇంటి దగ్గర చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో సంగతి. సిలిండర్‌లోకి కారిన పెట్రోల్ కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోల్ వాసన వచ్చినా ఆయిల్ మార్చకుండా దూరం వెళ్లొద్దు. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇంజెక్టర్ బాగైన రోజే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి.

వీల్_క్యాప్
ఇంజెక్టర్ మూతి చెడిపోవడానికి ఇథనాల్ కారణం కాకూడదా మేడమ్?

ఆటో_ల్యాబ్
లక్ష దాటిన ఇంజెక్టర్‌కు మూతి మీద జిగురు పేరుకోవడం, సీటు అరగడం, ట్యాంకు అడుగు చెత్త ఇరుక్కోవడం ఏ పెట్రోల్‌తోనైనా జరిగేవే. ఇది ఇథనాల్ వల్లే అని చెప్పడానికి ఈ బండిలో నాకు ఆధారం లేదు.

పేట_రోడ్డు
పని అయింది. షెడ్డులో గేజ్ పెడితే నడుస్తున్నప్పుడు 3 బార్ నిలకడగా ఉంది. ఆపగానే ముల్లు కళ్ల ముందే జారిపోయింది. రైలు పైకి తీస్తే మూడో ఇంజెక్టర్ మూతి నుంచి చుక్కలు. మిగతావి పొడిగా ఉన్నాయి. అల్ట్రాసోనిక్‌లో శుభ్రం చేసి మళ్లీ బెంచీ మీద పెట్టారు, అయినా చెమ్మగిల్లుతూనే ఉంది. ఆ ఒక్కదాన్ని కొత్తది వేయించి, నాలుగింటికీ ఓ-రింగులు మార్పించాను. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలే. ఆయిల్ కూడా మార్చేశాం. పంపు ఖర్చులో సగం కూడా కాలేదు.

ఇవాళ అమ్మను చెకప్‌కు తీసుకెళ్లాను. హాస్పిటల్ బయట నీడ దొరకలేదు, మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. వాసన లేదు. అమ్మే ముందు గమనించింది.

సింగరేణి_స్టీరింగ్
చాలా సంతోషం అన్నా. రోహిణి కార్తెకు ముందే అయిపోయింది.

కర్నూల్_కొండారెడ్డి
ఈ థ్రెడ్‌ను పైన పిన్ చేయండి ఎవరైనా. ప్రతి వేసవిలో ఇదే ప్రశ్న వస్తుంది.

ఖమ్మం_డీజిల్
రిటర్న్ పరీక్ష చేయించాను. రెండో ఇంజెక్టర్ సీసా నిండేసరికి మిగతావి పావు వంతు కూడా రాలేదు. నాలుగూ మార్చాలంటున్నారు ఇక్కడ.

పంపు_షాపు
మిగతా మూడూ సమానంగా ఉంటే నాలుగూ అక్కర్లేదు. రెండోదాన్ని విప్పి బెంచీ మీద పెట్టించండి, రిపేరు అవుతుందా, కొత్తదా అన్నది అక్కడ తేలుతుంది. బిగించేటప్పుడు కింద రాగి వాషర్ కొత్తది వేయాలి, పాతది మళ్లీ వాడితే గ్యాస్ లీకవుతుంది. ఇంజెక్టర్ తల మీద ఉండే కోడ్‌ను స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించమని అడగండి. చాలామంది ఆ పని వదిలేస్తారు, బండి అదురుతూ ఆడుతుంది.